వచ్చినవాళ్ల లెక్క సరే, ఉన్నవాటి లెక్కేదీ?

ఏడాది చివర మన మ్యూజియాలు తెచ్చే వార్షిక నివేదిక ఎలా ఉంటుందో చదవకుండానే చెప్పేయొచ్చు. మొదట మంత్రిగారి ఫొటో, పక్క పేజీలో కలెక్టరుగారి సందేశం, ఆ వెంటనే లావుపాటి అక్షరాల్లో సందర్శకుల సంఖ్య. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, పక్క గదిలో తాళపత్రాలున్నాయన్న సంగతి మరిచి అట్టహాసంగా చేసిన జ్యోతి ప్రజ్వలన, బడిపిల్లలకు చిత్రలేఖనం పోటీ, విజేతలకు ప్లాస్టిక్ జ్ఞాపికలు. ఆ తర్వాత భవిష్యత్ ప్రణాళికలు: ప్రతి విగ్రహం పక్కనా క్యూఆర్ కోడ్, గోడ మీద కదిలే బొమ్మలు, సెల్ఫీ పాయింట్, కెఫెటేరియా, అన్నిటికీ ముందు ‘ప్రపంచ స్థాయి’ అనే విశేషణం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంత వివరంగా రాసిన పుస్తకంలో ఒక్క అంకె మాత్రం కనిపించదు. ఏడాది మొదట్లో మ్యూజియంలో ఎన్ని వస్తువులున్నాయి, ఏడాది చివర ఎన్ని ఉన్నాయి?

ఇదేదో గుమాస్తా లెక్కలే అని కొట్టిపారేసేవారు క్యురేటరుగారి కుర్చీ వెనక్కి వెళ్లి చూడాలి. అక్కడ తెల్లరంగుతో ఒక నంబరు రాసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017 ప్రకారం ఫర్నిచరు, యంత్రాల వంటి ఆస్తులను ఏడాదికి ఒక్కసారైనా సరిచూసి, తేలినదాన్ని రిజిస్టరులో రాయాలి. పుస్తకాలు 20,000 మించని లైబ్రరీ అయితే ఏటా ప్రతి పుస్తకాన్నీ లెక్కపెట్టాలి. కుర్చీ అదృష్టం అలాంటిది. మరి దాని ఎదురుగా నిలబడ్డ వెయ్యేళ్ల నాటి విగ్రహాన్ని కిందటిసారి రిజిస్టరుతో సరిచూసింది ఎప్పుడని అడిగితే, సమాధానం కోసం ముందు రిజిస్టరు వెతకాలి. దేశం మొత్తానిదీ ఇదే వరస. పురావస్తువులు 58 లక్షలు ఉంటాయని ఒక అంచనా. వాటిని నమోదు చేయడానికి 2007లో జాతీయ మిషన్ పెడితే, అందులో సుమారు 30 శాతమే నమోదయ్యాయని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో తేలింది. అంతకు పదేళ్ల ముందు, 2013లో, కేంద్ర రక్షణలో ఉన్న 92 కట్టడాల ఆచూకీ దొరకడం లేదని కాగ్ చెప్పింది. భూమిలో పాతుకున్న కట్టడమే కనిపించకుండా పోగలిగితే, చొక్కా జేబులో పట్టే నాణెం సంగతి చెప్పాలా?

ఆ నాణేన్నే తీసుకుందాం. శాతవాహనుల కాలపు సీసపు నాణెం మ్యూజియానికి వచ్చిన రోజున యాక్సెషన్ రిజిస్టరులో ఒక వరుస రాయాలి. ఏ ఊళ్లో, ఏ దిబ్బలో దొరికింది, ఎవరిచ్చారు, బరువెంత, ఏ స్థితిలో ఉంది, ఏ బీరువాలో ఏ అరలో పెట్టారు. ఆ వరుస ఉంటే అది చరిత్ర. లేకపోతే తూకానికి అమ్ముకోదగ్గ సీసం ముక్క. పోయినా, ఏం పోయిందో చెప్పగలిగే సాక్షి ఉండడు.

దీనికి రుజువు మన హైదరాబాద్ పాతబస్తీలోనే ఉంది. 2018 సెప్టెంబరు 2 రాత్రి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి వెంటిలేటరు గుండా దొంగలు దిగి, సీసీ కెమెరాను పక్కకు తిప్పి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకెళ్లారు. సుమారు వారం రోజుల్లో పోలీసులు అన్నిటినీ పట్టుకొచ్చారు. ఆ డబ్బాలో దొంగ భోజనం కూడా చేశాడని వాళ్లే చెప్పారు. ఏం పోయిందో తెల్లవారేసరికే తెలుసు కాబట్టి వెతకడానికి ఒక రూపం ఉంది. ఇక మన అమరావతి శిల్పాలు ఆశ్రయం పొందుతున్న బ్రిటిష్ మ్యూజియం కథ చూడండి. అక్కడి వస్తువులు బయట అమ్ముడవుతున్నాయని ఒక వ్యాపారి 2021లోనే హెచ్చరిస్తే, అంతా భద్రంగానే ఉందని జవాబిచ్చారు. 2023 ఆగస్టులో, సుమారు రెండు వేల వస్తువులు పోవడమో పాడవడమో జరిగిందని ఒప్పుకున్నారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెతకు లండన్‌లో గడువు రెండేళ్లు. పోయినవాటిలో చాలావరకు సరైన నమోదు లేనివే. ఆ ఏడాది సందర్శకులు మాత్రం 58 లక్షల మంది! వచ్చినవారిని ఒక్కరినీ వదలకుండా లెక్కపెట్టారు.

ప్రణాళికల ఘనత చూడాలంటే సరిగ్గా అదే 2018 సెప్టెంబరు 2న రియో డి జనీరోకు వెళ్లాలి. బ్రెజిల్ జాతీయ మ్యూజియం ఆ జూన్‌లోనే 200 ఏళ్ల పండుగ చేసుకుంది. అగ్నిమాపక ఏర్పాట్లు కూడా కలిసిన నిధులకు ఒప్పందం కుదిరింది. డబ్బు రాకముందే మంటలొచ్చాయి. దగ్గరి హైడ్రెంట్లలో నీళ్లు లేవు. దాదాపు రెండు కోట్ల వస్తువుల సంపదలో అత్యధిక భాగం బూడిదైంది. ప్రణాళిక కాగితం మీద చక్కగానే ఉంది.

జనం రాకపోతే బడ్జెట్ రాదు కదా, అందుకే ఈ హంగులు అంటారు అధికారులు. నిజమే, అందులో తప్పేమీ లేదు. కానీ టిక్కెట్టు కొన్న మనిషి చూసేది వస్తువునే. అది ఉందో లేదో తెలియని చోట హంగులకు ఖర్చు పెట్టడం, సరుకు చూసుకోకుండా దుకాణానికి బోర్డు వేయించడమే. సిబ్బంది లేరంటారు. ఈ మాటకు విలువుంది. చాలా జిల్లా మ్యూజియాల్లో తాళం తీసేవాడు, టిక్కెట్టు కోసేవాడు, కాపలావాడు ఒక్కరే. అయితే ఆ ఖాళీల లెక్క నివేదికలో మొదటి పేజీన ఎందుకు ఉండదు? మంత్రిగారి ఫొటోకు అడ్డమొస్తుందనా? జాబితా బయటపెడితే దొంగలకు దారి చూపినట్టే అనే వాదన మరీ విచిత్రం. బీరువా నంబరు ఎవరూ అడగడం లేదు. ఎన్ని ఉన్నాయో, ఎన్ని సరిచూశారో చెప్పమంటున్నారు, అంతే. ఇక చివరి అస్త్రం, అన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాం కదా అనడం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారు మ్యూజియాల కోసం ‘జతన్’ అనే సాఫ్ట్‌వేరే తయారుచేశారు, మంచిదే. అయితే ఎంత తెలివైన సాఫ్ట్‌వేరైనా వస్తువును నంబరుతోనే గుర్తుపడుతుంది. రిజిస్టరు లేనిచోట కంప్యూటరు పెడితే అయోమయానికి పాస్‌వర్డ్ పెట్టినట్టే. దొంగతనం బయటపడ్డాక బ్రిటిష్ మ్యూజియం కూడా, ఇరవైనాలుగు లక్షల రికార్డులను ఐదేళ్లలో ఎక్కించాలనో సరిదిద్దాలనో కూర్చుంది.

చేతకాక అనడానికీ వీల్లేదు. నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తేలోగా, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయను తవ్వి, రాసి, కొలిచి, కొన్ని కట్టడాలను కొండమీదా అనుపులోనూ మళ్లీ నిలబెట్టిన దేశమిది. అప్పట్లో క్యూఆర్ కోడ్‌లు లేవు. తుది గడువు ఉంది, దాన్ని వాయిదా వేసే అధికారం ఏ శాఖకూ లేదు.

కాబట్టి ఈసారి మీ ఊరి మ్యూజియం నివేదిక చేతికొస్తే ఫొటోలు దాటేసి నాలుగు అంకెల కోసం వెతకండి: రిజిస్టరులో ఉన్నవి, ఈ ఏడాది సరిచూసినవి, కనిపించనివి, తాళం తీయని గదులు. అవి లేకపోతే, అది ప్రభుత్వ మ్యూజియమే అయితే, అడగడానికి సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా కార్యాలయంలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు.