లెక్కల్లో గెలిచిన బోస్టన్

అమెరికాలో బేస్‌బాల్ సీజన్ నవంబరు తొలి రోజుల్లో ముగుస్తుంది. ఆ తర్వాత నాలుగు నెలలు బంతి కదలదు, నోళ్ళే కదులుతాయి. కాంట్రాక్టు అయిపోయిన ఆటగాళ్ళు ఫ్రీ ఏజెంట్లుగా బేరానికొచ్చే ఆ చలికాలంలో యజమానుల నోట తరచూ వినిపించే మంత్రం ఆర్థిక వెసులుబాటు. ఇవాళ పెద్ద ఆటగాడిని వదులుకుంటే, మిగిలిన డబ్బుతో రేపు ఇంకా గట్టి జట్టు కడతారట. ఆ రేపు ఎప్పుడని అడక్కూడదు. కిరాణా కొట్టులో ‘అరువు రేపు’ అని బోర్డు ఉంటుంది. ఏ రోజు వెళ్ళి చూసినా అది నిజమే చెబుతుంది. చిన్న ఊళ్ళ జట్లు ఈ మాటంటే పాపం, లేనివాళ్ళు అనుకోవచ్చు. బోస్టన్ రెడ్ సాక్స్ అంటేనే నవ్వొస్తుంది.

మూకీ బెట్స్‌ను 2011లో, కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, అయిదో రౌండులో తీసుకుని పెంచింది బోస్టనే. 2018లో అతను అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. ఆ ఏడు జట్టు 108 మ్యాచ్‌లు గెలిచి వరల్డ్ సిరీస్ కొట్టింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కాబట్టి, 2020 ఫిబ్రవరిలో అతన్ని లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కు అప్పజెప్పారు. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్‌ను ఈ జట్టే లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేసిన కబురు ఇదే ఊళ్ళో 1920 జనవరిలో తెలిసింది. శతజయంతి జరపాలనుకుంటే ఇంతకన్నా భక్తిగా జరపలేరు. బెట్స్‌తోపాటు పిచ్చర్ డేవిడ్ ప్రైస్‌నూ పంపి, అతని జీతంలో సగం తామే కడతామన్నారు. బదులుగా వచ్చినవాళ్ళు అలెక్స్ వర్డూగో, కానర్ వాంగ్, జీటర్ డౌన్స్. ఈ డౌన్స్‌కు ఆ పేరు పెట్టింది యాంకీస్ వీరుడు డెరెక్ జీటర్ మీది అభిమానంతో. 2022లో 14 మ్యాచ్‌లాడించి అతన్ని వదిలేసుకున్నారు. వర్డూగోను 2023 డిసెంబరులో ఆ యాంకీస్‌కే పంపారు. ముగ్గురిలో మిగిలింది వాంగ్ ఒక్కడే.

ఇంతకీ తరుముకొచ్చిన ప్రమాదం ఏమిటి? బేస్‌బాల్‌లో మన ఐపీఎల్ మాదిరి పర్సుకు గట్టి పరిమితి లేదు. 2020లో జీతాల మొత్తం 20.8 కోట్ల డాలర్లు దాటితే, దాటిన మేరకే పన్ను. వరుసగా దాటేవాళ్ళకు రేటు పెరుగుతుంది. ఆ లెక్కన రెడ్ సాక్స్ 2018లో కట్టింది సుమారు 1.2 కోట్ల డాలర్లు, 2019లో 1.3 కోట్ల పైచిలుకు. జాన్ హెన్రీ బృందం 2002లో ఈ క్లబ్బును కొన్న ధర సుమారు 70 కోట్లు. ఈమధ్య ఫోర్బ్స్ వేసే విలువ 400 కోట్లకు పైమాటే. లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు కూడా వీళ్ళ చేతిలోదే. ఇంత ఆస్తి పెట్టుకుని ఆ పన్నుకు జడిసి బెట్స్‌ను పంపించినవాళ్ళు 2022లో ఏం చేశారో చూడండి. పన్ను గీతను కాస్తంత దాటి 12 లక్షల డాలర్ల పన్ను కట్టారు, డివిజన్‌లో ఆఖరున నిలిచారు. గీత దాటినందువల్లే, ఆ చలికాలంలో షార్ట్‌స్టాప్ జాండర్ బోగార్ట్స్ 11 ఏళ్ళకు 28 కోట్ల ఒప్పందం మీద శాండియాగో వెళ్ళిపోయినప్పుడు, పరిహారంగా రావలసిన డ్రాఫ్టు అవకాశం నాలుగో రౌండు తర్వాతకు జారిపోయింది. పన్నూ పోయింది, ఆటగాడూ పోయాడు. పొదుపు చేయడమైనా సరిగ్గా చేతకాలేదు.

దీర్ఘకాలపు కాంట్రాక్టులు మునిగిపోతాయి కదా అనేవాళ్ళున్నారు. నిజమే, చాలా మునిగాయి. ఇదే బోస్టన్ పాబ్లో శాండవాల్‌కు అయిదేళ్ళకు 9.5 కోట్లు రాసిచ్చి, మూడేళ్ళయినా నిండకుండా పంపించేసింది. కానీ అతను బయటినుంచి తెచ్చినవాడు. బెట్స్ చేతుల్లో పెరిగినవాడు, అప్పటికి వయసు 27. ఒక కాంట్రాక్టు చెడింది కాబట్టి అన్నీ చెడతాయనే లెక్కయితే స్కౌట్లకు జీతాలెందుకు? ఎలాగూ ఏడాది తిరిగితే బెట్స్ వెళ్ళిపోయేవాడన్నది రెండో వాదం. బోస్టన్ ఇవ్వజూపిన పదేళ్ళ 30 కోట్లను అతను కాదన్నాడని వార్తలొచ్చిన మాట వాస్తవం. ఆ 2020 జులైలోనే డాడ్జర్స్‌తో 12 ఏళ్ళకు 36.5 కోట్లకు సంతకం పెట్టాడు. ఏడాదికి పంచి చూస్తే రెండు అంకెల మధ్య తేడా అర కోటి కూడా లేదు. బతికి బట్టకట్టలేనంత దూరమా అది? ఇక టాంపా బే జట్టు చౌకలో గెలుస్తోందిగా అంటారు. అందుకే అక్కడ పనిచేసిన ఖైమ్ బ్లూమ్‌ను తెచ్చి పెత్తనమిచ్చారు. 2020 వరల్డ్ సిరీస్‌లో ఆ టాంపా ఓడింది డాడ్జర్స్ చేతిలో. ఆఖరి మ్యాచ్‌లో జట్టును ముందంజలో నిలిపిన పరుగు తీసింది, ఆ పైన హోమ్‌రన్ కొట్టింది బెట్స్.

2023 నవంబరులో ఛైర్మన్ టామ్ వెర్నర్, ఈసారి బండిని పూర్తి వేగంతో తోలతామన్నాడు. తోలారు. పిచ్చర్ క్రిస్ సేల్‌ను అట్లాంటాకు సాగనంపుతూ దారిఖర్చుకు 1.7 కోట్లూ చేతిలో పెట్టారు. 2024లో అతను అక్కడ నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. 3.85 కోట్లకు తెచ్చుకున్న లూకస్ జియోలిటో మోచేతి శస్త్రచికిత్సతో ఆ ఏడాది ఒక్క మ్యాచ్ ఆడలేదు. జట్టు 81 గెలిచి 81 ఓడింది. గాయాలను ఎవరూ ముందే చెప్పలేరు, ఒప్పుకుంటాను. ఆ వేగమేదో చెప్పొచ్చుగా.

న్యాయంగా ఒక మాట. 2021లో లీగ్ ఫైనల్ దాకా వెళ్ళారు. 2025లోనూ ప్లేఆఫ్స్‌కు చేరి, మొదటి మెట్టులోనే యాంకీస్ చేతిలో ఓడారు. అయితే 2021 జట్టుకు వెన్నెముకలు బోగార్ట్స్, రఫాయెల్ డెవర్స్. ఒకరిని ఆపలేదు. రెండోవాడికి 2023లో పదేళ్ళకు 31.35 కోట్లు రాసిచ్చి, రెండున్నరేళ్ళకే శాన్‌ఫ్రాన్సిస్కో పంపి, మళ్ళీ వెసులుబాటు సంపాదించారు. బెట్స్ వెళ్ళాక రెడ్ సాక్స్ మూడుసార్లు డివిజన్ అడుగున తేలింది, వరల్డ్ సిరీస్ ఒక్కసారీ ఆడలేదు. డాడ్జర్స్ 2020, 2024, 2025ల్లో మూడు గెలిచారు. బెట్స్ కాంట్రాక్టు 2032 దాకా ఉంది.