ముఖాలఫా పంచాయితీ

పాత్రలు

ముందుబండి: రాజంపేట వైపు మనిషి. 20 నంబరు వీసా, హౌస్ డ్రైవరు. వాది.
వెనకబండి: కోనసీమ మనిషి. అదే వీసా, అదే పని. ప్రతివాది.
లెక్కల సారు: 18 నంబరు వీసా, కంపెనీ ఉద్యోగం, సొంత కారు. రోడ్ల ఇంజనీరు.
కొత్తోడు: జగిత్యాల కుర్రాడు. కువైట్ లైసెన్సు పరీక్షకు తయారవుతున్నాడు.
పెద్దన్న: రాయచోటి మనిషి. కువైట్‌లోనే జుట్టు నెరిసింది. పంచాయితీ పెద్ద.

(ఫర్వానియాలో పదిమంది కలిసి అద్దెకు తీసుకున్న శుక్రవారం రూము. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. వెనకబండి ఉల్లిపాయలు తరుగుతున్నాడు.)

పెద్దన్న: కూర దించేలోపల తేలిపోవాల. ఎవురిదప్పా ఫిర్యాదు?

ముందుబండి: నాదేన్నా. పోయిన వారం హవల్లీలో, టునిస్ వీధి సిగ్నల్ కాడ, రెడ్ లైట్ దాటినానని ముఖాలఫా, అంటే జరిమానా, పడింది. 150 దినార్లు. మా యజమాని బాబా ఫోన్లో, గవర్నమెంటోళ్ల సహెల్ యాప్‌కు వచ్చింది. రాత్రి పిలిచినాడు. తిట్టలా, అరవలా. ఫోన్ చూపించినాడు, నా జీతం లెక్క రాసుకున్న కాగితం తీసినాడు, ఈ నెల అంకె మీద అడ్డంగా గీత కొట్టినాడు. నా జీతం 130. తక్కిన 20 వచ్చే నెల పట్టుకుంటాడంట.

కొత్తోడు: 150 అంటే మన పైసలల్ల ఎంతన్నా?

ముందుబండి: నలభై వేలకు పైనే. ఇంటికాడ బోరు వేయించాలని పెట్టుకున్న దుడ్లు.

పెద్దన్న: ముందు 50 దినార్లే ఉండె. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త చట్టం వచ్చినాక 150 చేసినారు. ఫోన్ చేతిలో పట్టుకుంటే 75, బెల్టు పెట్టుకోకుంటే 30. అన్నీ తెలిసినోడివి, ఎందుకు దూకినావు?

ముందుబండి: నేను దూకలేదన్నా, దూకించినారు. దూకించినోడు ఈడే కూర్చోని ఎర్రగడ్డలు తరుగుతాండాడు. సగం ఆయన కట్టాల. అదీ నా ఫిర్యాదు.

వెనకబండి: ఆయ్, ఇదెక్కడి న్యాయమండీ బాబూ! నేను హారన్ కొట్టేనంతే. ఏక్సిలేటర్ మీద కాలు ఆయనది కదండీ?

పెద్దన్న: ఎన్నిసార్లు కొట్టినావు?

వెనకబండి: ఓ మూడుసార్లండి.

ముందుబండి: పెద్ద లైటు రెండుసార్లు వేసినాడన్నా, అది చెప్పడే! అద్దంలో చూస్తే నా బండి తగలబడుతాందేమో అనుకున్యా.

పెద్దన్న: అప్పుడు నీకు లైటు ఏ రంగులో ఉంది?

ముందుబండి: కనపళ్లా.

కొత్తోడు: గంత పెద్ద లైటు కనబడలేదా?

ముందుబండి: గీత దాటి ముందుకు జరిగినా గదా. తలకాయ ఎత్తినా అద్దం పైన టాపే కనపడతాంది.

లెక్కల సారు: (చాప మీద కొంచెం ముందుకు జరిగి) ఇక్కడే ఉంది కిటుకు. తెల్లగీత వెనక ఆగినవాడికి లైటు కనబడుతుంది. గీత దాటినవాడికి ఆ లైటు నెత్తి మీదకు వచ్చేస్తుంది. ఇక వాడికి పచ్చలైటు ఏది? వెనకవాడి హారనే.

పెద్దన్న: గీత ఎందుకు దాటినావప్పా?

ముందుబండి: అంతకుముందే వెనక నుంచి ఒక హారన్ పడింది. ఏం చేయాల? రెండడుగులు జరిగినా. జరిగితే శాంతిస్తాడేమో అనుకున్యా.

లెక్కల సారు: మొదటి హారన్ ఇతన్ని గీత దాటించింది. రెండోది ఎర్రలైటు దాటించింది.

వెనకబండి: ఏవండీ సారూ, పక్కరోడ్డు లైటు పసుపు అయిపోవడం నేను కళ్లారా చూశానండి. ఇక్కడ నాలుగు రోడ్లకీ ఒకదాని తర్వాత ఒకటి వదుల్తారు కదా. వాళ్లదయ్యాక మా వంతేనండి. ముందే తెలిసిన సంగతి ముందే చెప్పడం తప్పా?

లెక్కల సారు: పక్కవాళ్లకు ఎరుపు పడ్డాక మీకు పచ్చ వెంటనే రాదయ్యా. కాసేపు నాలుగు వైపులా ఎరుపే ఉంచుతారు. కూడలి మధ్యలో చిక్కిన బండి బయటపడాలి కదా. ఆ కాసేపట్లోనే నువ్వు హారన్ కొట్టావు, ఇతను కదిలాడు, కెమెరా మెరిసింది. ఇంకోమాట. పచ్చ పడ్డాక కూడా బండ్లన్నీ ఒక్కసారి కదలవు. ఒకదాని వెనక ఒకటి గీత దాటడానికి బండికి సుమారు రెండు సెకన్లు పడుతుంది. పదో బండివాడు గీత దాటేసరికి ఇరవై సెకన్లు అవుతుంది. వాడు ఎంత హారన్ కొట్టినా ఆ లెక్క మారదు.

కొత్తోడు: మరి పదో బండాయన ఎందుకు కొడ్తడు సార్?

లెక్కల సారు: తొమ్మిదో బండివాడు కొట్టాడు కాబట్టి.

పెద్దన్న: ఆ దినం నీ బండిలో ఎవురున్యారు, కోనసీమాయనా? తొందర ఎవరిది?

వెనకబండి: మా ఇంటి యజమానురాలు, మామా అండి. పెళ్లికి తీసుకెళ్తున్నాను. ఎక్కిన దగ్గర్నుంచీ యల్లా, యల్లా, అంటే పద, పద అని. బండి ఆగితే యల్లా, కదిలితే యల్లా. నేనేం చేసేదండీ? ముందుకెళ్లడానికి ఈయన అడ్డం. వెనక్కి తిరిగి ఆవిడికి సమాధానం చెప్పే దమ్ము లేదు. చేతికి దొరికింది హారనే.

పెద్దన్న: ఈడ పెండ్లిండ్లు అర్ధరాత్రి దాకా జరుగుతాయి గదయ్యా. నువ్వు ఎనిమిదికి దింపినా, తొమ్మిదికి దింపినా పెండ్లికూతురు ఇంకా ముస్తాబులోనే ఉంటాది.

వెనకబండి: అది నాకూ తెలుసండి. ఆవిడికీ తెలుసు.

పెద్దన్న: (ముందుబండితో) నీ బండిలో?

ముందుబండి: ఎవరూ లేరన్నా. బాబా స్నేహితులు కూడే దివానియాకు పంపిన మిఠాయి పళ్లెం ఒకటి, టీ ఫ్లాస్కులు రెండు. నాకు తొందరనేదే లేదు.

పెద్దన్న: బాగుంది! పెండ్లికి పొయ్యేది ఆమె, హారన్ ఇతనిది, కాలు నీది, దినార్లు నీయి. రాసుకోండి. తొందర ఒకరిది, ముఖాలఫా ఒకరిది.

కొత్తోడు: మరి ఆమెను పిలుద్దామా పంచాయితీకి?

(రూములో అందరూ ఒక్కసారి కొత్తోడి వైపు చూస్తారు. వాడు నీళ్ల గ్లాసు అందుకుంటాడు.)

పెద్దన్న: నాకు ఒకటి అర్థం కాదప్పా. మనం కాచుకోవడానికే పుట్టినోళ్లం. ఏజెంటు వీసా ఇస్తానంటే సంవత్సరం కాచుకున్యాం. ఈడ ఉండే పర్మిషన్, అకామా కోసం కాచుకుంటాం. ఇంటికి పోవడానికి రెండేండ్లు కాచుకుంటాం. బాబా దివానియాలో పేకాట ఆడతాంటే బయట బండ్లో కూర్చోని ఒంటిగంట దాకా కాచుకుంటాం. అట్లాంటోళ్లం రెండు నిమిషాల లైటు కాడ ఎందుకు ఆగలేకపోతాండాం?

వెనకబండి: అక్కడంతా హారన్ లేదు కదండీ.

పెద్దన్న: ఏంది?

వెనకబండి: అకామా ఆఫీసు కిటికీ దగ్గర ఓ హారన్ పెట్టమనండి, అక్కడా కొడతాను. దివానియా గుమ్మంలో పెట్టినా కొడతాను. ఈ దేశంలో నేను వేలు పెట్టి నొక్కితే ఎదటోడు ఉలిక్కిపడేది ఆ ఒక్కదానికేనండి. కాఫీ పట్రా అంటే పట్టుకెళ్తాను, బండి కడుగు అంటే కడుగుతాను, ఆగు అంటే ఆగుతాను. నా మాట వినేవాడు నా ముందు బండోడే. వాడైనా కదలకపోతే ఎలాగండీ?

(కాసేపు ఎవరూ మాట్లాడరు. కుక్కర్ ఒక విజిల్ వేస్తుంది. అలవాటు కొద్దీ ముందుబండి ముందుకు జరుగుతాడు.)

లెక్కల సారు: బాధ అర్థమైంది. కానీ నియమం నియమమే. నన్ను చూడండి. ఇన్నేళ్లలో నా కారు మీద రెడ్ లైట్ కేసు ఒక్కటి లేదు.

ముందుబండి: మీకెందుకు పడతాది సార్? లైను నలభై బండ్లు ఉంటే మీరు కుడివైపు మలుపు దారిలో ఖాళీగా వచ్చి, సిగ్నల్ కాడికి రాగానే ఇండికేటర్ వేసి, మా ముందర దూరుతారు గదా! ఆ తెల్ల కారు మీదే గదా?

లెక్కల సారు: అది... రెడ్ లైట్ కేసు కింద రాదు.

పెద్దన్న: మీరు నలుగురిలో ఒకరు సార్, తప్పు లేదు. ఈడ సిగ్నల్ కాడ నలుగురే ఉంటారు. గీత దాటి పాకేటోడు ఒకడు. వెనక నుంచి హారన్ వేసేటోడు ఒకడు. పక్క నుంచి దూరేటోడు ఒకడు. పచ్చ పడినా ఫోన్ చూసుకుంటా నిలబడేటోడు ఒకడు. ఈ నాలుగోవాడు దొరికితే మొదటి ముగ్గురూ ధర్మాత్ములైపోతారు.

కొత్తోడు: మా దిక్కు సిగ్నల్ కాడ గిన్ని రకాలుండవన్నా. పోలీసాయన ఉంటే ఆగుతం, లేకుంటే పోతం.

ముందుబండి: కడపలో ఏడు రోడ్ల కూడలి కాడ నేనూ అంతే గదా. ఆడ ఏడు రోడ్లూ ఒకచోట కలుస్తాయి, అయినా ఎట్లో దాటుకుంటాం. ఈడ ఏడు రింగురోడ్లు, ఒకదాన్నొకటి తాకవు. అయినా తగులుకుంటాం.

లెక్కల సారు: ఈ గొడవ కార్లతో రాలేదు. 1868లో లండన్‌లో పార్లమెంటు ముందు మొట్టమొదటి సిగ్నల్ పెట్టారు. కార్లు లేని రోజులు. గుర్రపు బండ్ల కోసం గ్యాసు దీపం. కొన్నాళ్లకే అది పేలి, దగ్గరున్న పోలీసు గాయపడ్డాడు. దాన్ని తీసేశారు.

కొత్తోడు: గుర్రాలోళ్లు ఆగలేక పేల్చిన్రా సార్?

లెక్కల సారు: గ్యాసు లీకయింది.

కొత్తోడు: అట్లనే చెప్తరు.

పెద్దన్న: సరే, కూర దగ్గర పడింది. సాక్ష్యాలు అయిపోయినాయి. ముందుబండీ, నువ్వు ఈ డబ్బు కట్టాల్సిందే. 2023 ఆగస్టు నుంచి బకాయి ముఖాలఫా ఉంటే మనోళ్లను విమానం ఎక్కనియ్యరు. వచ్చే సంక్రాంతికి నీ సెలవు. కట్టకుంటే పండగ ఎయిర్‌పోర్టులోనే.

ముందుబండి: అది తెలిసే గదన్నా పంచాయితీ పెట్టింది.

పెద్దన్న: వెనకబండీ, నువ్వు సగం కట్టే పని లేదు. హారన్ విని పొయ్యేటోడు రేపు "దూకు" అంటే బావిలో దూకినా నిన్నే అడుగుతాడు. కానీ నీ హారన్ ఊరికే పోగూడదు. అందుకని నా తీర్పు ఇది. ఈ రూములో పదిమందిమి ఉన్యాం. నెలకు తలా 15 దినార్లు వేద్దాం. పది పదిహేనులు 150. ముఖాలఫా చీటీ. ఆ నెల ఎవనికి పడితే వాడు ఎత్తుకుంటాడు. ఎవురికీ పడకుంటే మేక తెస్తాం.

(చప్పట్లు. మూల పడుకున్న ఐదుగురు కూడా లేచి కూర్చుంటారు.)

లెక్కల సారు: పెద్దన్నా, ఒక్క అభ్యంతరం. ఇప్పుడు 150 దినార్ల భయంతో ఆగుతున్నారు. చీటీ పెడితే ఆ భయం 15 దినార్లకు దిగుతుంది. మీరు జరిమానా పంచడం లేదు, ఎర్రలైటుకు కంతులు కట్టుకుంటున్నారు.

పెద్దన్న: అయితే మీరు చేరరా సార్?

లెక్కల సారు: చేరను అని ఎవరన్నారు? నా పేరు రాసుకోండి. కుడివైపు మలుపు దారిలో కూడా కొత్త కెమెరా పెట్టారట.

ముందుబండి: మొదటి చీటీ నాదే గదన్నా? అప్పటికే పడిన ముఖాలఫా నాది.

పెద్దన్న: నీదే.

వెనకబండి: (ఉల్లిపాయల పళ్లెం పక్కన పెట్టి) అయితే పెద్దన్నగారండీ, రెండో చీటీ నాకు రాయండి.

పెద్దన్న: నీకు ముఖాలఫా ఏది?

వెనకబండి: ఇంకా పడలేదండి. రేపు రాత్రి ఆ పెళ్లికూతురి చెల్లెలిది పెళ్లి.