పనిచేయని రంపాన్నే కొనండి

మాంసం కోసే పాత బ్యాండ్ సా ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్లకు అందరూ చెప్పే మొదటి మాట, తిరుగుతుందో లేదో చూసి కొనమని. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. తిరగని దాన్నే కొనండి. స్విచ్చి వేయగానే గిర్రున తిరిగే రంపం తెచ్చుకున్నవాడు ఆ సాయంత్రమే మేక తొడ దాని మీద పెడతాడు. చక్రాల వెనక గట్టిపడిన కొవ్వు, మూలల్లో పేరుకున్న ఎముక పొడి, మోటారు కింది జిడ్డు అన్నీ ఎక్కడివక్కడే ఉండగా మొదటి ముక్క కోస్తాడు. తిరగనిదైతే విప్పక తప్పదు. విప్పితేనే కంపు బయటపడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఊరవతల పొలాల్లో మేకను మొత్తంగా కొని, కోయించి, పంచుకునేవాళ్లు మనలో ఉన్నారు. అక్కడి కొట్లలో చింత మొద్దూ కత్తీ బదులు బ్యాండ్ సా ఉంటుంది. దాన్ని చూసి చూసి, మన గ్యారేజీలోనూ ఒకటి ఉంటే బాగుండునని అనిపిస్తుంది. అనిపించడంలో తప్పు లేదు. మూతపడిన కిరాణా దుకాణాల సామాను వేలంలో అమ్మేటప్పుడు ఈ పాత రంపాలు వస్తుంటాయి. ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో పెరిగిన హోబార్ట్ కంపెనీవి, అదే రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మార్బుల్‌హెడ్ నుంచి వచ్చే బైరోవి ఎక్కువ కనిపిస్తాయి. 1919లో కిచెన్‌ఎయిడ్ మిక్సర్‌ను ఇళ్లలోకి తెచ్చింది కూడా ఈ హోబార్టే. ఈ పెద్ద రంపాలను మాత్రం దుకాణాల కోసమే చేశారు. రోజూ రాత్రి విప్పి కడిగే మనిషి ఒకడు ఉంటాడన్న నమ్మకం మీద వాటి నిర్మాణమంతా నిలిచింది. ఇంట్లో ఆ మనిషి మీరే. అందుకే నా చిట్కాలన్నీ ఒక్క పట్టుదల మీద నడుస్తాయి: రంపాన్ని కోయడానికి బాగుచేయకండి, విప్పడానికి బాగుచేయండి. సులువుగా విడిపోయే యంత్రం ఎలాగూ బాగా కోస్తుంది.

కొనేటప్పుడు పెద్దదే చూడండి. ఇంటికి చిన్నది చాలదా అంటారు. బల్ల మీద పెట్టుకునే చిన్న రంపాల్లో చాలావాటి లోపల చెయ్యి పట్టదు, బ్రష్షు తిరగదు. పద్నాలుగు అంగుళాల చక్రాలున్న నిలువు యంత్రమైతే తలుపు తీయగానే లోపలంతా కళ్లముందుంటుంది. బరువు నాలుగైదు వందల పౌండ్లు ఉండొచ్చు. ఎత్తడానికి మనుషుల్ని పిలుచుకోండి. డబ్బుల లెక్క వేసుకోవద్దనను, వేసుకోండి. బేరింగులు, బ్లేడ్లు, కరెంటు పని కలిపితే జీవితకాలం కొట్లో కోయించుకున్నా అంత కాదని తేలుతుంది. తేలాక కూడా కొనాలనిపిస్తే కొనండి.

రంపం ఎక్కడ పనిచేసిందో అడగకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి. జింకలు కోసే చోట నుంచి వచ్చినదైతే వదిలేయండి. అమెరికాలో జింకలకు, ఎల్క్‌లకు సోకే క్రానిక్ వేస్టింగ్ వ్యాధికి కారణం ప్రయాన్లు అనే ప్రొటీన్లు. అవి ఉక్కుకు అంటుకుని ఉండిపోతాయి, మామూలు కడుగుడుకు చావవు. ఇంట్లో వాడే బ్లీచును 40 శాతం పాళ్లలో కలిపి అయిదు నిమిషాలు ఉంచితే ఉక్కు ఉపరితలం మీద వాటి శక్తి పోతుందని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2019లో చూపించారు. కానీ మాంసపు తునక లోపలికి ఆ బ్లీచు చొరబడదు. పాత యంత్రం సందుల్లో ఉండేవి తునకలే. ఈ వ్యాధి మనిషికి సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. అయినా ఆ అనుమానాన్ని వంటింటి దాకా తెచ్చుకోనక్కర్లేదు.

మోటారు జోలికి పోకముందే నీళ్ల సంగతి తేల్చుకోండి. గ్యారేజీ నేల ఎటు వాలి ఉంది? కాలువ మురుగు గొట్టంలో కలుస్తుందా, వాననీటి కాలువలో కలుస్తుందా? వాననీటిదైతే కొవ్వు నీళ్లు అందులోకి పోనివ్వకూడదు. వేడినీళ్లు అక్కడిదాకా వస్తాయా? ఈ ప్రశ్నలు తేలకపోతే రంపం ఎంత చవగ్గా వచ్చినా ఆ ఇంటికి వద్దు.

ఇక విప్పడం. ప్లగ్గు తీసి, బ్లేడు బిగువు వదులు చేసి, బ్లేడు బయటపెట్టాక పానా పట్టండి. ప్రతి దశనూ ఫోనులో ఫొటో తీసుకోండి. రోజూ కడగాల్సిన చోట్ల మూతలూ పలకలూ చేత్తోనే ఊడి రావాలని తయారీదారు ఉద్దేశం. మధ్యలో వచ్చిన యజమానులు పోయిన పిడికి బదులు బోల్టు బిగించి ఉంటారు. అలాంటి ప్రతి బోల్టూ తీసేసి చేత్తో తిప్పే స్టెయిన్‌లెస్ పిడి పెట్టండి. పానా వెతుక్కోవాల్సి వచ్చిన పలకను రెండో నెల నుంచి ఎవరూ విప్పరు. చక్రాన్ని పట్టి ఉంచే నట్టుకు మాత్రం ఈ సలహా వర్తించదు. అది తయారీదారు చెప్పినట్టే బిగియాలి.

అందం కోసం రంగు వేయకండి. ఇసుకతో కొట్టించకండి కూడా. ఆ ఇసుక బేరింగుల్లోకి దూరుతుంది, గరుకైన లోహంలో కొవ్వు నిలుస్తుంది. మాంసం తగిలే చోట రంగు అన్నదే ఉండకూడదు. బల్ల స్టెయిన్‌లెస్ ఉక్కుదై నున్నగా ఉండాలి. పోత ఇనుము మీద ఎనామిల్ పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తున్న యంత్రం, అదీ మాంసం తగిలే భాగంలో, కొనకపోవడమే మంచిది. ఆ పెచ్చు గాజులాంటిది, ముక్కలో కలిస్తే కంటికి కనపడదు. కింది దిమ్మకు పాత రంగు ఉంటే సీసం ఉందేమో పరీక్ష చేసుకోండి. ఇళ్లకు వేసే సీసపు రంగులను అమెరికా 1978లో నిషేధించింది, మీ యంత్రం అంతకంటే పాతది కావచ్చు. తుప్పు పట్టిన ఇనుప భాగాలను బట్టల సోడా నీళ్లలో బ్యాటరీ చార్జరు కరెంటుతో శుభ్రం చేసే పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఆరుబయటే చేయండి, హైడ్రోజన్ వస్తుంది. చార్జరు రెండో కొసకు మామూలు ఇనుము కట్టాలి. స్టెయిన్‌లెస్ కడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలను ఆ తొట్టిలో వేయనే కూడదు.

చక్రాల దగ్గర చెక్కపని తెలిసినవాళ్లు తప్పు దారి పట్టిస్తారు. చెక్క కోసే రంపంలో చక్రం మీద రబ్బరు పట్టీ ఉంటుంది. మాంసం రంపంలో బ్లేడు నేరుగా లోహం మీదే నడుస్తుంది, పళ్లు చక్రం అంచు దాటి బయటికి ఉంటాయి. ఎవరైనా రబ్బరు అతికించి ఉంటే పీకేయండి. చక్రానికీ బ్లేడుకీ ఆనుకుని ఉండే గీకుడు పట్టీలు అరిగితే కొత్తవి వేయండి. ఎముక పొడిని ఎప్పటికప్పుడు దులిపేది అవే. బేరింగులు బాగానే తిరుగుతున్నాయనిపించినా మార్చండి. పాతవాటి మీద చెక్కిన అంకె చూసి, సీలు ఉన్నవి తెచ్చుకోండి. గ్రీజు ఆహార యంత్రాల కోసం హెచ్1 అని గుర్తింపు పొందినదే వాడాలి. చక్రంలో బీట కనిపిస్తే వెల్డింగుకు ఇవ్వకండి, ఆ చక్రాన్ని వదిలేయండి.

అన్నిటి తర్వాత కరెంటు. మోటారు మీది పలక చదవండి. దుకాణాల రంపాల్లో చాలావాటికి త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. అమెరికా ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్. మోటారు మార్చేయమంటారు చాలామంది. పాత మోటారు లోపల బాగుంటే ఉంచుకోండి. 240 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవు ఒకటి పెడితే చాలు, పలక మీద 208 లేదా 230 వోల్టులు రాసి ఉండాలి. డ్రైవుకూ మోటారుకూ మధ్య స్విచ్చి ఉండకూడదు, ఆపడం తిప్పడం డ్రైవు ద్వారానే జరగాలి. దీనితో ఇంకో మేలు ఉంది. పాత రంపం స్విచ్చి ఆపినా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, డ్రైవులో ఆగే సమయం తగ్గించుకోవచ్చు. మరీ తగ్గిస్తే బరువైన చక్రం వెనక్కి తోసే కరెంటుకు డ్రైవు మొరాయిస్తుంది, దానికి బ్రేకు రెసిస్టరు కావాలి. డ్రైవును నీళ్లు చిమ్మే చోటికి దూరంగా, ఎత్తులో బిగించండి. కరెంటు పోయి వచ్చినప్పుడు రంపం తనంతట తాను తిరగకుండా అమర్చుకోండి. ఎర్త్ వైరు సంగతి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే తేల్చుకోండి. పాత నూనె కెపాసిటర్లు కనిపిస్తే కోసి చూడొద్దు. అమెరికాలో పీసీబీలు అనే విషపు నూనెల తయారీని నిషేధించింది 1979లో. అంతకుముందటి కెపాసిటర్లలో ఆ నూనె ఉండే అవకాశం ఉంది.

బ్లేడు వేయకముందే ఒకసారి తిప్పి చూడండి. బ్లేడు వేశాక అది బల్ల దగ్గర పైనుంచి కిందికి దిగేలా చక్రం తిరగాలి, పళ్లు కిందికి చూడాలి. ఎదురుగా తిరిగితే మోటారుకు వెళ్లే మూడు తీగల్లో రెండింటిని అటూ ఇటూ మార్చితే సరి. బ్లేడు పొడవు కోసం పాత పుస్తకం వెతకనక్కర్లేదు. పై చక్రాన్ని సర్దుబాటు మధ్యలో పెట్టి, రెండు కేంద్రాల దూరాన్ని రెట్టింపు చేసి, చక్రం వ్యాసాన్ని 3.14తో గుణించి కలపండి. పద్నాలుగు అంగుళాల చక్రాలు, నలభై అంగుళాల దూరం అయితే సుమారు 124 అంగుళాలు. వెడల్పు సాధారణంగా అంగుళంలో అయిదు ఎనిమిదో వంతు, అంగుళానికి మూడో నాలుగో పళ్లు. ఈ రంపం మీద ఒక్కసారి కూడా చెక్క కోయకండి.

మన కూరకు కావలసింది చిన్న ముక్కలు. రంపం మీద చిన్న ముక్క కోయాలంటే వేళ్లు బ్లేడు దగ్గరికి పోతాయి. అందుకని ఇంత శ్రమపడి బాగుచేసిన రంపంతో ఆఖరి కోత కోయకండి. తొడను, నడుమును, నల్లి ఎముకలను అంగుళం మందం బిళ్లలుగా మాత్రమే రంపం మీద కోయండి. అక్కడి నుంచి మొద్దు మీదికి తెచ్చి కత్తితో ముక్కలు చేయండి. ఎముక లేని మాంసానికి రంపం అసలు వద్దు. మాంసం గడ్డకట్టే దాకా చల్లబడి బిగుసుకుని ఉంటే కోత నునుపుగా వస్తుంది, వెచ్చగా ఉంటే పీచులుగా లాగుతుంది. బ్లేడు పైనుండే కాపుదల పట్టీని మాంసం మీదికి దించి, తోసే పలకతోనే తోయండి. చేతికి గ్లౌజు వేసుకుంటే బ్లేడు దాన్ని పట్టి లాగుతుంది. కోతలోని ఎముక పొడిని వెంటనే గీకి తీసేయకపోతే పులుసు గరగరలాడుతుంది.

పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అమెరికా కార్మిక చట్టం పద్దెనిమిదేళ్ల లోపు ఉద్యోగులను ఈ రంపాల మీద పనిచేయనివ్వదు, కడగనివ్వదు కూడా. ఇంటికి ఆ చట్టం లేకపోయినా ఆ నియమం పెట్టుకోండి.

పని అవగానే ప్లగ్గు తీయండి. బ్లేడు, పలకలు, గీకుడు పట్టీలు అన్నీ విప్పండి. కొవ్వు గీకి చెత్తబుట్టలో వేయండి, కాలువలోకి పోనివ్వకండి. సబ్బు వేడినీళ్లతో తోమి, కడిగి, ఆ తర్వాతే గాలను నీళ్లకు ఒక టేబుల్ స్పూను వాసన లేని బ్లీచు కలిపి తడపండి. మురికి మీద బ్లీచు పోస్తే పనిచేయదు. తర్వాత పూర్తిగా ఆరనివ్వండి, తడి మిగిలిన సందులో లిస్టీరియా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, చలికి అది ఆగదు. తలుపు తెరిచే ఉంచండి. బ్లేడును మొద్దుబారేదాకా సాగదీయకండి. మొద్దుబారిన బ్లేడుకు చెయ్యి ఎక్కువ బలం పెడుతుంది, జారేది అప్పుడే. తీసేసిన దాన్ని మూడు చుట్లుగా మడిచి, తాడు కట్టి, మందపాటి అట్టపెట్టెలో పెట్టి, లోపల బ్లేడు ఉందని పైన పెద్ద అక్షరాలతో రాసి చెత్తవాళ్లకు ఇవ్వండి.