ఎడమ పక్క

హిమాయత్‌నగర్ అనగానే హైదరాబాదు వాళ్లకు లిబర్టీ పక్కనుండే పేట గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. అప్పా జంక్షన్ దగ్గర బీజాపూర్ రోడ్డెక్కి చేవెళ్ల వైపు పోతుంటే మొయినాబాద్ మండలంలో వచ్చే ఊరు. ఈ తేడా తెలియని కొరియర్ కుర్రాడి పుణ్యమా అని ఉస్తాద్ తెప్పించుకున్న ఎయిర్ బ్రష్ ఒకసారి లిబర్టీ చుట్టూ తిరిగి తిరిగి, వచ్చిన దారినే వెనక్కు వెళ్లిపోయిందట.

ఉస్తాద్ అంటే ఆ ఊరి చౌరస్తాలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపే మనిషి. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. యాభై దాటి ఉంటాడు. ఎడమ మోకాలు వంగదు. పీట మీద కూర్చుని, ఆ కాలు ముందుకు చాపుకునే పని చేస్తాడు. పగలంతా పెద్ద బండ్ల సొట్టలు తీసి, చీకటి పడ్డాక షట్టరు సగం దించి చిన్న బండ్లు కడతాడు. ఎంత నుజ్జయిన బండి వచ్చినా యజమానికి ఆయన చెప్పే మాట ఒక్కటే: "పరేషాన్ గాకుండ్రి సార్. పుట్టీ పెట్టి రెండు కోట్లు కొడితే ఎవ్వనికీ కనబడది."

చిన్న బండ్లకు గిరాకీ ఎక్కడిదంటే, ఫామ్‌హౌసులది. 1996లో వచ్చిన 111 జీవో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు కూడదంది. కట్టడాల మాటేమో గానీ, ఆ నేలలో ఫామ్‌హౌసులు మాత్రం ఏటా మూడు పంటలు పండాయి. ఫామ్‌హౌసన్నాక హాలుంటుంది, హాలన్నాక అద్దాల బీరువా ఉంటుంది, అందులో పెట్టడానికి ఏదో ఒకటి కావాలి.

మావాడి ఫామ్‌హౌసులోనూ ఉంది అలాంటి బీరువా. పాతికేళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చి ఇక్కడ ఎకరంన్నర కొన్నాడు. జపాన్ తమియా, జర్మనీ రెవెల్ కంపెనీల కిట్లు తెచ్చుకుని, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని తనే అతికించిన ఫెరారీలు, పోర్షేలు వరసగా నిలబెట్టాడు. నడిమి అర ఒక్కటే ఖాళీ. అది వాళ్ల నాన్న కారుకట. 1978 అంబాసిడర్, మార్క్ 3, పిస్తా రంగు.

అంబాసిడర్ బొమ్మలు బజార్లో లేక కాదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒంపులనే అటూ ఇటూ దిద్ది, బెంగాల్లోని ఉత్తర్‌పారా కర్మాగారం 1950ల చివర నుంచి 2014 దాకా పోసిన బండి అది. మంత్రిగారి తెల్లది దొరుకుతుంది, కలకత్తా పసుపు ట్యాక్సీ దొరుకుతుంది. కానీ ఒక మనిషి జ్ఞాపకంలో ఉన్న బండి ఏ కంపెనీ డబ్బాలోనూ రాదు. అందుకే మావాణ్ని ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను.

షెడ్డు మూల అటక మీద ఆయన మొదటి పని ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన పసుపు రోల్స్ రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చి, అది చేతికందక ముందే 1911లో కన్నుమూసిన కారు. ఉస్తాద్ టికెట్టు కొనుక్కుని వెళ్లి, తాడు అవతల నిలబడి, జానతో గాల్లోనే కొలిచి వచ్చి చేశాడట. మావాడు దాన్ని చేతిలోకి తీసుకుని, దీపాల చుట్టూ ఉన్న ఇత్తడి పని చూసి, అప్పటికప్పుడే బేరం ఖాయం చేసేశాడు. పాతికవేలు, సగం అడ్వాన్సు.

"ఏ స్కేలు సార్?"

"ఒకటికి పద్దెనిమిది."

ఉస్తాద్ నవ్వాడు. "మాకు అలవాటే సార్ ఆ స్కేలు. మా తాతకు పద్దెనిమిదెకరాల చెల్క ఉండె. నా వంతుకొచ్చేటాళ్లకు ఒక్కటి."

మావాడు జేబులోంచి ఫోటో తీశాడు. రంగు వెలిసిన పాత ఫోటో. డ్రైవరు తలుపు తెరిచి, దాని మీద చెయ్యి ఆనించి వాళ్ల నాన్న నిలబడ్డాడు. ఉస్తాద్ దాన్ని లైటు కింద పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎడమ పక్కది లేదా సార్?"

"ఉన్నది ఇదొక్కటే. రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కదా!" అని, అంతలోనే ఏదో గుర్తొచ్చి మావాడు నవ్వాడు. "ఆఁ, ఒక సొట్ట మాత్రం ఉండేది. ఏ పక్కనో గుర్తు లేదు. బర్రె గుద్దిన సొట్ట."

ఇది నేను వాడి నోట కాలేజీ రోజుల నుంచీ వింటున్న కథే. 1982, ముక్కోటి ఏకాదశి. ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథం చేసుకుని ఊరూరా తిరుగుతున్న రోజులు. మావాడు ఎనిమిదో తరగతి. ఇంటిల్లిపాదీ తెల్లవారుజామున చిలుకూరు బాలాజీ దర్శనం చేసుకుని కారులో తిరిగొస్తున్నారు. ఇంకా చీకటే, పైగా మంచు. వెనక సీట్లో అమ్మ ఒళ్లో వీడికి నిద్ర పట్టేసింది. ధడేలుమని చప్పుడుకి మెలకువ వస్తే, నాన్న వెనక్కి తిరక్కుండానే "బర్రె అడ్డమొచ్చిందిరా, పడుకో" అన్నాడు. కారు ఆగలేదు. ఇంటికెళ్లాక నాన్న తనే బకెట్టు పట్టుకుని బంపరు కడుగుతుంటే తెల్లటి నీళ్లు కారాయట. ధనుర్మాసం కదా, వాకిట్లో అమ్మ వేసిన ముగ్గు తడిసి కరుగుతోందనుకున్నాడు వీడు. నెల తిరక్కుండానే నాన్న ఆ కారును ఎంతకో అంతకు తెగనమ్మేశాడు. తర్వాత ఎవరు రమ్మన్నా మళ్లీ చిలుకూరు వెళ్లలేదు.

"మా నాన్నకు సెంటిమెంట్లు ఎక్కువ. గుడికి పోయి వస్తుంటే మూగజీవికి దెబ్బ తగిలిందని బాధ," అని ముగించాడు మావాడు, ఎప్పటిలాగే.

"యాడ సార్ అది?" అన్నాడు ఉస్తాద్.

"ఈ రోడ్డు మీదే. మర్రిచెట్ల దగ్గర."

ఆ రోడ్డు మీద మర్రిచెట్ల దగ్గర అంటే అది ఆనవాలే కాదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్లలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయని, రోడ్డు వెడల్పు చేసే గొడవలో అందరం లెక్కలు చదివాం. ఉస్తాద్ ఇంకేం అడగలేదు. చేతిలో ఉన్న ఎనిమిదొందల నంబరు నీళ్ల కాగితం పక్కన పెట్టి, వెయ్యి నంబరుది తీసుకున్నాడు.

"కొత్తదాని లెక్క చెయ్యాల్నా సార్, అప్పుడున్నట్టు చెయ్యాల్నా?"

"అచ్చం అప్పుడున్నట్టే. గీత కూడా తేడా రాకూడదు."

పని జరుగుతున్నన్నాళ్లూ వీలైనప్పుడల్లా వెళ్లి కూర్చున్నాను. మనిషి పని చేస్తుంటే చూడటమంత సుఖం నాకు సినిమాలో కూడా లేదు. మావాడి కిట్లలో ముక్కలన్నీ అచ్చుపోసి వస్తాయి. ఇక్కడ అచ్చు కూడా ఉస్తాదే చేసుకోవాలి. నాలుగు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల కారు ఈ స్కేల్లో ఇరవై నాలుగు సెంటీమీటర్లకు దిగుతుంది. ఆ కొలతకు టేకు దిమ్మె చెక్కి, దాని మీద పలచటి అల్యూమినియం రేకు పరిచి, చిన్న చెక్క సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. అంబాసిడర్ ఒంటి మీద తిన్నటి జాగా ఎక్కడుంది? బానెట్టు, మడ్‌గార్డులు, డిక్కీ అన్నీ గుండ్రాలే. రేకు ఒక దెబ్బ ఎక్కువ తింటే సాగుతుంది, తక్కువ తింటే ముడత పడుతుంది. పాత హవాయి చెప్పు అడుగును డ్రిల్లు మిషనుకు బిగించి తిప్పి టైర్లు కోశాడు. టార్చిలైట్ల అద్దాలు హెడ్‌లైట్లయ్యాయి. ముందు సీటు ఒకే బెంచీ, మెరూన్ రెక్సిన్. గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉండాలి కదా, దానికి గుండుసూది.

అసలు తంటా రంగుతో. నిజం కారు మీద రంగు మందం మిల్లీమీటరులో పదో వంతుంటుంది. అదే మందం ఈ బొమ్మ మీద పడితే, పద్దెనిమిది రెట్లు లెక్కేసుకోండి, నిజం కారుకు దాదాపు రెండు మిల్లీమీటర్ల రంగు పూసినట్టు. తలుపు సందులు పూడిపోతాయి, అంచులు మొద్దుబారతాయి. అందుకే పెద్ద గన్ను పక్కన పెట్టి, సన్న నాజిల్ ఎయిర్ బ్రష్‌తో, థిన్నరు బాగా కలిపి, ఆవిరి తగిలినంత పలచగా కోటు మీద కోటు కొట్టాడు. ఒక్కో కోటు ఆరాక నీళ్ల కాగితం, ఆపైన ఇంకో కోటు. పిస్తా రంగును కూడా ఉన్నదున్నట్టు కొట్టకూడదట. చిన్న వస్తువు మీద ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది, నాలుగు చుక్కలు తెలుపు కలిపితే గానీ కంటికి నిజం కారు రంగు అనిపించదు. ఈ సంగతి ఏ పుస్తకంలో చదివావని అడిగితే, తన కళ్లను చూపించాడు. ముసురు పట్టిన రోజుల్లో గన్ను ముట్టేవాడే కాదు. గాలిలో తేమ ఉంటే రంగు తెల్లబారిపోతుంది. రోడ్డు పనుల దుమ్ము ఎటూ ఉంది కనుక, రాత్రి లారీలు పలచబడ్డాక నేల మీద నీళ్లు చల్లి అప్పుడు కొట్టేవాడు.

చివరి వారాల్లో మాత్రం నన్ను చూడనివ్వలేదు. మీద గుడ్డ కప్పి, "అయినంక చూద్దురు సార్" అన్నాడు.

అయ్యాక తనే ఫామ్‌హౌసుకు తెచ్చాడు. ఆటో దిగి, చెప్పుల డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, బిగుసుకున్న కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కాడు. మావాడు కుర్చీ వేస్తే కూర్చోలేదు. డబ్బా విప్పి కారును బల్ల మీద పెట్టాడు. కుడి పక్క మావైపు.

నేను చెప్పడమెందుకు, అది ఆ ఫోటోలో కారే. పెద్దాయన చెయ్యి ఆనించిన తలుపు. డాష్‌బోర్డు మీద గోరంత వేంకటేశ్వరస్వామి. ఆ రోజుల్లో సొంత బండ్లకుండే నల్ల నంబరు పలక, తెల్ల అక్షరాలు. మావాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాట్లాడకుండా లోపలికెళ్లి, ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువే తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఉస్తాద్ లెక్కపెట్టి, పైన ఉన్న ఐదువేలు వెనక్కిచ్చాడు.

మావాడు కారును బీరువాలో పెట్టబోతూ తిప్పాడు.

ఎడమ ముందు మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి ఉంది. బొటనవేలి గోరంత సొట్ట. హెడ్‌లైటు రింగు వంకర తిరిగింది, అద్దంలో వెంట్రుకంత పగులు. సొట్ట అంచున రంగు లేచి కింద ప్రైమరు కనిపిస్తోంది. బంపరు మీద నుంచి తెల్లటి చారలు కిందికి జారి ఎండిపోయాయి.

"ఓరి! బర్రె సొట్ట!" మావాడు చిన్నపిల్లాడిలా అరిచాడు. "చూశావుట్రా, దాన్ని కూడా వదల్లేదు! కానీ ఉస్తాద్, ఎడమ పక్కేనని మీకెలా తెలిసింది? నాకే గుర్తు లేదే!"

"సైకిలు రోడ్డుకు ఎడమ పక్కకే పోతది గద సార్."

"సైకిలా? నేను బర్రె అన్నాను కదా?"

"బర్రె కాదు సార్. బర్రె పాలు పోసేటాయన. మా నాయిన." ఉస్తాద్ డబ్బులు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నేను ముందట రాడ్డు మీద కూసున్న."

మావాడు కారును కింద పెట్టలేదు. బీరువాలోనూ పెట్టలేదు.

"మీకు వద్దంటే చెప్పుండ్రి సార్," అన్నాడు ఉస్తాద్. "పుట్టీ పెట్టి రెండు కోట్లు కొడితే ఎవ్వనికీ కనబడది."