అందరిలోకీ చిన్న గిన్నెను

నాలో ఇంతవరకు ఎవరూ వండలేదు, తినలేదు. అయినా ఎన్ని వంటిళ్లు చూశానో! ఆహార సర్వేకి తిరిగే అమ్మాయి సంచిలో, ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే స్టీలు గిన్నెలం మేము. అందరిలోకీ చిన్నదాన్ని నేను. పెద్దవాటికి అన్నం, పప్పు లెక్కలు. నాకు నెయ్యి, పచ్చడి.

జ్ఞాపకాన్ని తట్టి లేపడం మా పని. "నిన్న పొద్దుట్నుంచి ఏం వండావక్కా? ఏ గిన్నెడు తిన్నావు?" అంటూ అమ్మాయి మమ్మల్ని వరసగా పేరుస్తుంది. దీన్ని 24 గంటల జ్ఞాపక పద్ధతి అంటారు. 600 గ్రాముల బియ్యం వండితే 12 గిన్నెల అన్నమైందనుకోండి. 2 గిన్నెలు తిన్న మనిషికి 100 గ్రాముల బియ్యం అందినట్టు. పని తొందరగా తెములుతుంది. చిక్కల్లా మరుపుతోనే. సాయంత్రం టీ, పిల్లాడు కొట్లో కొనుక్కున్న చిరుతిండి గుచ్చి గుచ్చి అడిగితే గానీ బయటికి రావు.

మా పక్కనుండే కాటాకు మేమంటే చిన్నచూపు. పొయ్యి ఎక్కకముందే ప్రతి సరుకూ తూస్తుంది కాబట్టి దానికి ఎవరి మతిమరుపుతోనూ పనిలేదు. కానీ వంటవేళకల్లా వాకిట్లో ఉండాలి. పైగా దాన్ని చూడగానే కొందరు చుట్టాలొచ్చినట్టు గుడ్లు ఉడకేస్తారు. తూకం నిజమే, ఆ రోజే మామూలు రోజు కాదు.

"నెలలో ఎన్నిసార్లు చేపలు తింటారు?" అని అడిగే ప్రశ్నపత్రం ఇంకొకటి. నిన్నటి ఒక్కరోజే చూసే మాకు చిక్కని అరుదైన తిండి దానికి చిక్కుతుంది. ఎంత తిన్నారన్నది మాత్రం ఉజ్జాయింపే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో మొదలైన పర్యవేక్షణ విభాగం తూకాన్నీ, జ్ఞాపకాన్నీ రెండింటినీ వాడింది. ఎందుకో నాకు ఒక ఇంట్లో తెలిసొచ్చింది.

అక్కడ కాటా తూచిన బియ్యం, కందిపప్పు ఇంటిల్లిపాదికీ సరిపోయేవే. "అందరం ఒకటే తింటాం" అని ప్రశ్నపత్రంలో రాయించారు. తర్వాత మా వంతు. ఆ ఇల్లాలు భర్తకు పెద్ద గిన్నె, కొడుకులకు నడిమి గిన్నెలు చూపించింది.

"మరి నీకు పప్పు, అక్కా?"

ఆమె చెయ్యి వరస చివరిదాకా వచ్చి నా మీద ఆగింది.

"అడుగున మిగిలింది వేసుకున్నాలేమ్మా."

ఆ రోజు నా నంబరు నెయ్యి గడిలో కాదు, పప్పు గడిలో పడింది.