ముందే నవ్వే మావయ్య

జోకు ఇంకా రాలేదు. రేలంగి గుమ్మం దాకా వచ్చాడంతే, నోరు విప్పలేదు. ఈలోపే సోఫాలో ఓ పొట్ట అదరడం మొదలవుతుంది. ఆ అదురు భుజాలకెక్కి, కళ్ళజోడు దాకా పాకి, కళ్ళలో నీళ్ళు తిరిగేసరికి రేలంగి మాట పూర్తవుతుంది. ఆ మాటేమిటో మనకు వినపడదు. మావయ్య నవ్వుతున్నాడు కదా.

పాత కామెడీ సినిమాల మావయ్య లేని తెలుగు చుట్టరికం లేదు. కొందరికి బాబాయి, కొందరికి పెదనాన్న. ఏ బ్యాంకులోనో పనిచేసి రిటైరై ఉంటాడు. కొత్త సినిమాకి పోదాం రమ్మంటే మోకాళ్ళ నొప్పులు. టీవీలో ‘మిస్సమ్మ’ వస్తోందంటే మాత్రం మేడ మీంచి రెండేసి మెట్లు దిగుతాడు.

ఆయన పక్కన కూర్చుని సినిమా చూడటం తేలిక కాదు. రిమోట్ ఆయన చేతిలోనే ఉంటుంది. ‘‘ఇప్పుడు చూడు’’ అంటాడు. చూస్తాం. ‘‘ఇది కాదు, దీని తరవాతది’’ అంటాడు. ‘మిస్సమ్మ’లో దేవయ్య ‘తైలం’ కోసం చెయ్యి చాపకముందే ఆయన చెయ్యి చాపి చూపిస్తాడు. అప్పిచ్చిన డేవిడ్ వేషంలో రమణారెడ్డి సావిత్రి వెంట పడితే, ఈయన వాలుకుర్చీలోంచి లేచి రెండడుగులు అలాగే నడుస్తాడు. ఇంతా చేసి ఆయన తెర వంక చూడడు. మన మొహం చూస్తుంటాడు. మనం నవ్వితే ఆ నవ్వు చాలిందో లేదో తూకం వేస్తాడు. చాలకపోతే సినిమా వెనక్కి తిరుగుతుంది. రెండోసారి మర్యాదకి నవ్వుతాం. ఆ సంగతి ఇట్టే కనిపెట్టేస్తాడు. మళ్ళీ వెనక్కి.

మధ్యలో చరిత్ర పాఠం ఉండనే ఉంటుంది. మిస్సమ్మ వేషం ముందు భానుమతిదనీ, తరవాత సావిత్రికి వచ్చిందనీ, 1953లో దేవదాసుగా ఊళ్ళకి ఊళ్ళనే ఏడిపించిన నాగేశ్వరరావు రెండేళ్ళు తిరక్కుండా ఇందులో డిటెక్టివ్ పిచ్చివేషానికి ఒప్పుకున్నాడనీ చెబుతాడు. ‘‘ఈ కాలం హీరో ఎవడైనా చేస్తాడా?’’ అని మనల్ని నిలదీస్తాడు, ఆ హీరోల కాల్షీట్లు మనమే చూస్తున్నట్టు.

అయితే ఆయన్ని కొట్టిపారేయడానికి లేదు. ‘మాయాబజార్’ నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, మాయా శశిరేఖని సరిగా చూపించింది ఇలాంటి మావయ్యే. ‘‘మొహం చూడకు, నడక చూడు’’ అన్నాడు. చూశాను. అది సావిత్రి నడక కాదు, రంగారావు నడక. ఆడపిల్ల ఒంట్లో దూరిన ఘటోత్కచుడు మరిచిపోయి గద భుజాన వేసుకునేలా ఉన్నాడు. పెళ్ళిపీటల మీద ఆవిడ లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు రేలంగి మొహాన్ని మావయ్య అక్కడే ఆపి, ఫోటో ఆల్బం చూపించినట్టు చూపించాడు. అదొక్కటీ చూపించి ఊరుకుంటే గుడి కట్టేవాణ్ణి.

ఈ మావయ్యల్లో రెండు తెగలున్నాయి. మాయాబజార్ తెగ, జంధ్యాల తెగ. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే భోజనాల బంతి కాస్తా రచ్చబండ అవుతుంది. మొదటి తెగ వాదన చాలా బలమైనది. ‘అహ నా పెళ్ళంట’, ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలిసిన శుభవేళ’. జంధ్యాల 1987, 88ల్లో తీసిన ఈ మూడు సినిమాల పేర్లూ మాయాబజార్ పాటల్లోవే. ‘‘పేరుకే అప్పు చేసినవాడు సినిమాకి చెయ్యడా?’’ అంటారు వీళ్ళు, పెరుగన్నం కలుపుకుంటూ. రెండో తెగ తొణకదు. ‘‘మీ కె.వి.రెడ్డి కోడిని దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినిపించాడా?’’ అంటుంది. మాయాబజార్‌లో కోడికి చోటెక్కడిదని ఇవతలివాళ్ళు. అదే మేమూ అంటున్నామని అవతలివాళ్ళు. వడ్డించేవాడు నెయ్యి గిన్నెతో నిలబడిపోతాడు. నన్నడిగితే ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు కట్టిన న్యూస్‌పేపరు ముందు ఏ పట్టుపంచా నిలవదు. కానీ ఆ మాట ఆ బంతిలో అనే ధైర్యం నాకు లేదు.

అన్నట్టు, ఆ సినిమాలో కోట వేసిన పిసినారి లక్ష్మీపతి తెర మీదకి రాగానే అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నిలబడుతుంది. ఆవిడ టీవీ వైపు చూడదు. మావయ్య వైపు చూస్తుంది. ఆయన లేచి, మనిషి లేని గదిలో తిరుగుతున్న ఫ్యాను కట్టేసి వచ్చి కూర్చుంటాడు. ఆ ఇంట్లో నేను చూసిన అసలైన కామెడీ అదే, దాన్ని ఎవరూ వెనక్కి తిప్పమనరు.

రెండు తెగలకీ రాజీ కుదిర్చేది ‘పెళ్ళి పుస్తకం’ ఒక్కటే. ‘మిస్సమ్మ’లో పెళ్ళికాని జంట ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నటిస్తుంది. దాన్ని బాపు రమణలు 1991లో బోర్లా తిప్పారు. పెళ్ళయిన జంట ఉద్యోగం కోసం పెళ్ళి కానట్టు నటిస్తుంది. పాతది పాతగానే ఉంది, కొత్తది కొత్తగానూ ఉంది. ఈ సంగతి చెప్పేటప్పుడు మావయ్య గొంతు తగ్గిస్తాడు, దేవుడి గదిలో మాట్లాడుతున్నట్టు.

ఆయనకి కొత్తల్లుడు దొరికితే పండగే. మొన్న సంక్రాంతికి దొరికాడు. హైదరాబాద్ కుర్రాడు, సాఫ్ట్‌వేరు, నెమ్మదస్తుడు. పొద్దున ‘గుండమ్మ కథ’తో మొదలైంది. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ పక్కనుండగా సినిమా పేరు సూర్యకాంతానికి దక్కిందన్న మాట ఇడ్లీల దగ్గరే విన్నాడు. కాఫీకి ‘చంటబ్బాయ్’. చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావుగా తిరుగుతుంటే, అల్లుడు ఒకచోట తప్పు నవ్వాడు. అంటే మావయ్య ఎంచని చోట నవ్వాడు. సినిమా ఆగింది. ‘‘అక్కడేముందండీ అల్లుడుగారూ?’’ అనడిగాడు మావయ్య, నిజంగానే తెలుసుకోవాలని. అల్లుడు ఏదో నసిగాడు. అమ్మాయి కాఫీ గ్లాసులు ఏరుకుంటూ వెళ్ళిపోయింది. కట్టుకున్నవాణ్ణి కాపాడటానికి కూడా హద్దుంటుంది.

సాయంత్రానికి అల్లుడు తెగించాడు. ‘‘మావయ్యగారూ, అన్ని సీన్లూ చెప్పారు గానీ, ఈ సినిమాలు చివరికేమవుతాయండీ?’’

మావయ్య తడబడ్డాడు. ఆయనకు తెలిసినవన్నీ సీన్లే. క్లైమాక్స్ అంటే ఆయనకి కునుకుతీసే వేళ.

‘‘ఏమవుతుందండీ! కామెడీ సినిమా అన్నాక చివర్లో పెళ్ళవుతుంది. దేనికైనా అంతే.’’

‘‘పెళ్ళి పుస్తకంలో అది మొదట్లోనే అయిపోయింది కదండీ?’’

వంటింట్లో అత్తయ్య నవ్వు వినిపించింది. మావయ్య రిమోట్ తీసుకున్నాడు. ‘‘కూర్చోండి’’ అన్నాడు, ‘‘టైటిల్స్ దగ్గర్నుంచీ పెడుతున్నాను.’’