పువ్వా, గుళికా: నెల్లూరు తీరాన హాప్స్ విచారణ

ఇంట్లో బీరు కాచుకునేవారిని రెండు శాఖలుగా చీల్చిన వివాదాలలో, హాప్స్‌ను ఎండిన పువ్వుగానే వాడాలా లేక పొడిచేసి అదిమిన గుళికగా వాడాలా అన్నది ముఖ్యమైనది. ఈ వివాదాన్ని విచారించడానికి నెల్లూరు తీరం మిక్కిలి అనువైన చోటు. హాప్స్ తీగ గాని, బార్లీ చేను గాని, ఇంట్లో బీరు కాచుకునే హక్కు గాని లేని ఈ తీరంలో పక్షపాతానికి తావుండదు.

హాప్స్ గంజాయి కుటుంబానికి చెందిన ఎగబాకే మొక్క అయినా, ఆ బంధుత్వం వల్ల ఆశపడదగినది ఏమీ లేదు. ఆడమొక్కకు పూసే, పొలుసులు పేర్చినట్లుండే పూగుత్తుల లోపల లూపులిన్ అనే పసుపుపచ్చని జిగురుపొడి ఉంటుంది. అందులోని ఆల్ఫా ఆమ్లాలు బార్లీ మాల్టు రసంతోపాటు మరిగి రూపం మార్చుకొని చేదునిస్తాయి, నూనెలు సువాసననిస్తాయి, మొత్తంమీద ఆ పదార్థం బీరును పులుపెక్కించే సూక్ష్మజీవులను చాలావరకు దూరంగా ఉంచుతుంది. మగమొక్క పుప్పొడి తగిలితే ఆడపువ్వు గింజపడుతుందన్న భయంతో చాలా దేశాల రైతులు మగమొక్కలను తోటలోనికి రానీయరు. కోస్తా తాటితోపులలో మాత్రం పోతుతాటిని, పెంటితాటిని సమానంగా గీస్తారు కనుక, స్త్రీపురుష సమానత్వం విషయంలో బవేరియా మన గీత కార్మికులను చూసి నేర్చుకోవలసింది కొంత ఉంది.

ఎండిన పువ్వులను మరపట్టించి, సన్నని రంధ్రాల గుండా ఒత్తితే వచ్చేవే గుళికలు. వీటిలో సామాన్యంగా దొరికే ‘టైప్ 90’ అన్న రకానికి ఆ పేరు, మొదట్లో 100 కిలోల హాప్స్‌కు 90 కిలోల గుళికలు వచ్చేవన్న లెక్కనుబట్టి వచ్చింది. పొడి కావడంలో లూపులిన్ గ్రంథులు చితికిపోతాయి గనుక గుళిక నుంచి చేదు తేలికగా దిగుతుంది. అందుచేత పువ్వుతో పోలిస్తే పదోవంతు తక్కువ వేసినా సరిపోతుందని కాచేవారు లెక్కవేస్తారు. పువ్వు ఖరీదైన రసాన్ని తాను తాగి ఉబ్బి కూర్చుంటుంది, కాని కాగు అడుగున పరుచుకొని వడపోత పని కూడా తానే చేస్తుంది. గుళిక అంతగా తాగదు, కాని కరిగి పచ్చని బురదగా మారి గొట్టాలకు అడ్డుపడుతుంది. కరివేపాకు రెబ్బను విస్తరి అంచుకు తోసివేయగలిగిన భోక్త, అదే ఆకు పొడిరూపంలో కూరలో కలిసినప్పుడు ఏమీ చేయలేకపోవడం వంటిదే ఈ వ్యత్యాసం. పువ్వు పక్షంవారికి ఇంతకంటె బలమైన ఆధారం సౌందర్యదృష్టి: అమెరికాలో 1980లో మొదలైన సియెర్రా నెవాడా బ్రూవరీ పువ్వు హాప్స్‌తోనే పేరు తెచ్చుకున్నదన్న సంగతిని వారు వేదవాక్యంలా ఉటంకిస్తారు.

అయితే అందం వేరు, నిలవ వేరు. గాలి, వెలుతురు, వేడి హాప్స్‌కు ముగ్గురు శత్రువులు. పాతబడిన హాప్స్‌కు చేదు తగ్గి, పాత చీజు వాసన వస్తుంది. ఒత్తుగా అదిమిన గుళికకు గాలి సోకే మేర తక్కువ కాబట్టి అది ఎక్కువకాలం నిలుస్తుంది. రోహిణి కార్తెలో మైపాడు వంటి చోట పువ్వు హాప్స్ పొట్లం విప్పదలచినవాడు ఆ తరువాతి పరిణామాలకు సిద్ధపడి ఉండాలి. తీర్పు గుళికకే ఇవ్వక తప్పదు. కాకపోతే దానిని దాచే ఫ్రీజరులో ముందే వంజరం ముక్కలు స్థిరనివాసం ఏర్పరచుకొని ఉంటాయి, బయట పెడితే చెరువుల మీద బతికే ఈ తీరంలో గుళిక అన్నది రొయ్యల మేత తప్ప మరొకటి కాదు గనుక ఎవరో ఒకరు దానిని సదుద్దేశంతో చెరువులో చల్లి వస్తారు.

ఇక చట్టం సంగతి. 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. దానిని మించిన అడ్డంకి స్థానిక చరిత్ర: దూబగుంట రోశమ్మ వంటి స్త్రీలు ఈ జిల్లాలోనే సారా మీద లేవదీసిన ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. రెండోది 1997లో సడలిపోయినా, పెరట్లో కాగు ఎక్కించదలచిన పురుషుడు ఎక్సైజు శాఖను ఒప్పించడానికి ముందు ఇంటి ఇల్లాలిని ఒప్పించవలసి ఉంటుంది. ఆ శాఖకు దరఖాస్తు ఫారమన్నా ఉంటుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1978లో చేసిన చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు, కాచుకునే వీలు కల్పించింది గనుక, పువ్వా గుళికా అన్న చర్చలో నిజంగా పాల్గొనదగిన నెల్లూరివారు అక్కడి గ్యారేజీలలోనే ఉండాలి.

హాప్స్ తీగ లేకపోయినా, దానిని వాడిన ఆంగ్లేయుల వ్యాపారం నెల్లూరు తీరానికి కొత్త కాదు. 1626లో, అంటే మద్రాసు కోట పుట్టకముందే, ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నంలో, తన కాగితాలలో ఆర్మగాన్ అని పిలుచుకున్న చోట, స్థావరం పెట్టుకుంది. తరువాతి శతాబ్దంలో ఆఫ్రికాను చుట్టి నెలల తరబడి ప్రయాణించి మద్రాసుకు, కలకత్తాకు చేరవలసిన బీరు చెడిపోకుండా దానిని కాచే ఆంగ్లేయులు అందులో హాప్స్ దండిగా వేసేవారు. ఆ లెక్కన హాప్స్ అన్నది తాగవలసిన వేళకు తాగలేనివారి ఏర్పాటు.

తాటికల్లుకు ఆ ఏర్పాటు అవసరం కాలేదు. గీసిన గెల నుంచి లొట్టిలోనికి చుక్కలు పడుతుండగానే, ముందరి కల్లు ఆ లొట్టిలో విడిచిన ఈస్టు తన పని మొదలుపెడుతుంది. పులియకుండా తియ్యని నీరాగా ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, అంటే ఇక్కడ శ్రమ పులియబెట్టడంలో గాక ఆపడంలో ఉంది. ఉదయం దించిన కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కి, సాయంత్రానికి పులుపెక్కి, ఆపైన వెనిగరు దారి పడుతుంది. గుళికల ప్యాకెట్టు మీద వాడదగిన గడువును సంవత్సరాలలో అచ్చువేస్తారు. కల్లుకు గడువు అచ్చువేయవలసి వస్తే అది గంటలలో ఉండాలి, ఆలస్యంగా వచ్చినవాడికి బేరమాడే అవకాశం తప్ప మరేమీ మిగలదు.